పదకొండో రీలు

చల్లపల్లి,
మే 20.

బావమరిది తిరుపతిరావుకి, వీరభద్రయ్య ఎవరి చేతా రాయించకుండా తనే రాస్తున్నది.

యాభై ఒక్క ఏళ్ళుగా కడుపులో పెట్టుకున్న మాట ఇవాళ అడుగుతున్నాను. ఆ పదకొండో రీలు ఏం చేశావు?

నీతో జన్మలో మాట్లాడనని పాలెం డేరా హాల్లో అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నవాణ్ణి. పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డా మీ అక్కతో, "మీ తమ్ముడికి మంచినీళ్ళు కావాలేమో అడుగు" అన్నానే గాని నీ మొహం చూసి అడగలేదు. నీ ఫోను వస్తే ఆవిడ చేతిలో పెట్టి లేచిపోతాను. అయితే ఒట్టు నోటికే గాని చేతికి కాదని మొన్న భోజనం చేస్తుంటే తోచింది. అందుకని కాగితం పట్టుకున్నాను. నా చదువు మూడో క్లాసు. తరవాతి చదువంతా గోడల మీది సినిమా పోస్టర్లూ, హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకాలూ. తప్పులుంటే నవ్వుకో, కాని పూర్తిగా చదువు.

నీకు గుర్తులేదంటావేమో, నేనే చెబుతాను. డెబ్బై మూడో సంవత్సరం. మీ అక్క పాలెంలో మా ఇంటికి కాపరానికి వచ్చి నాలుగో నెల. చల్లపల్లిలో పక్కా హాలు, పాలెంలో డేరా హాలు, రెంటికీ కలిపి సినిమా కాపీ ఒక్కటే. చల్లపల్లిలో ఆడేసిన రీళ్ళను ఆడేసినట్టే సంజీవరావు సైకిలుకి కట్టుకుని పాలెం తెచ్చేవాడు. డేరాలో మిషను తిప్పేది నువ్వు. మగ్గం గుంటలో కూర్చోలేనని పారిపోయి మిషను పట్టుకున్నవాడివి. మీ అక్క ఊళ్ళో ఎవరు కనిపించినా "మా తమ్ముడు సినిమా వేస్తాడు" అని చెప్పుకునేది.

ఆ సినిమాలో జమీందారు మేనకోడలు నావ నడిపే కుర్రాడికి మనసిస్తుంది. పదో రీలు చివర మేనత్త ఆ పిల్లను ధాన్యం కొట్లో పెట్టి తాళం వేసి, తాళంచెవి బావిలో పారేసింది. మీ అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నలుగురిలో అలా పట్టుకోవడం అదే మొదటిసారి. లైటు వెలిగింది. ఒకటే మిషను కాబట్టి రీలు రీలుకీ లైటు వెలగడం మామూలే. ఆ రోజు మాత్రం అరగంట వెలిగింది. మళ్ళీ ఆట మొదలయ్యేసరికి ఆ పిల్ల పెళ్ళిపీటల మీద ఉంది. పక్కన నావ కుర్రాడు. అక్షింతలు వేస్తున్నది ఎవరో కాదు, ఆ మేనత్తే. తాళం ఎవడు తీశాడు? తాళం వేసిన మనిషి అక్షింతలు ఎందుకు వేసింది? జనం ఈలలేశారు, బెంచీలు విరగ్గొట్టారు. నువ్వు బయటికి వచ్చి, "రీలు నావల్ల పాడైపోయింది, క్షమించండి" అని ఒక్క ముక్క చెప్పి లోపలికి పోయావు. ఎలా పాడైందో చెప్పలేదు. మీ అక్క ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది. పాలెం ఆడవాళ్ళు మర్నాడంతా "మీ తమ్ముడి సినిమాకి తలా తోకా ఉన్నాయమ్మా, నడుం లేదు" అన్నారు.

ఆ రోజే మంచిది కాదులే. ఆటయ్యాక చూస్తే కాలవ వంతెన మీద నిలిపిన నా నూలు బండిని ఎవడో కాస్త ఈడ్చి, రెండు నూలు మూటలు బురదలో పడేసి పోయాడు. సినిమా పాడు, నూలు పాడు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా మనవరాలు నాగవేణి ఫోనులో ఒక కాగితం చూపించింది. విజయవాడ గాంధీనగర్‌లో పాత సినిమాల సంఘం ఉందట. టీవీలో రాని, ఫోనుల్లోనూ దొరకని మన సినిమాను ఎక్కడో సంపాదించి ఆగస్టు 18 ఆదివారం పొద్దున పది గంటలకు హాల్లో వేస్తున్నారట. కింద ఫొటో. అందులో తెల్ల చొక్కాతో నువ్వు. మీ అక్క ఆ ఫోను తీసుకుని ఎంతసేపు చూసిందో. నీ మొహం చూసిందో సినిమా పేరు చూసిందో నేనడగలేదు.

ఆవిణ్ణి తీసుకొస్తాను. అయితే ఆట మొదలుపెట్టే ముందు నువ్వు మైకు పట్టుకుని, ఆ రోజు రీలు ఎలా పాడు చేశావో మీ అక్క వినేలా చెప్పాలి. చెబుతావో లేదో జూన్ పదో తారీకు లోపు రాయి.

వీరభద్రయ్య

*

ఆటోనగర్, విజయవాడ,
మే 29.

పూజ్యులు బావగారికి తిరుపతిరావు నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ ఉత్తరం తీసి చూసి మా కోడలు, "మామయ్యగారూ, మీకేదో పోస్టరు వచ్చింది" అంది. తప్పు పట్టకండి, మీ అక్షరాలు ఒక్కోటీ జానెడు ఉన్నాయి. నాకు మాత్రం కళ్ళజోడు అవసరం లేకుండా చదువుకున్నాను. రెండుసార్లు చదివాను. మా బావగారు నాతో మాట్లాడారని వీధిలో ఇద్దరికి చెప్పాను కూడా.

సంఘం సంగతి అడగకపోయినా చెబుతాను. నడిపేది గోపీనాథ్ అని కాలేజీలో లెక్కలు చెప్పే అబ్బాయి, ముప్పై ఐదేళ్ళుంటాయి. నెలకొక ఆదివారం హాలు మాట్లాడి పాత సినిమా వేస్తాడు. నాలాంటి ముసలివాళ్ళే వస్తారనుకున్నాను. మొదటిసారి వెళితే సగం హాలు ఇంజినీరింగు పిల్లలు. వాళ్ళ అమ్మానాన్నలు కూడా పుట్టని నాటి సినిమాలు చూసి చప్పట్లు కొడతారు. పోయిన నెల ఒక ఆటలో తల్లి కొడుక్కి గోరుముద్దలు పెడుతూ మాట్లాడకుండా కూర్చునే ఘట్టం ఉంది. నాలుగు నిమిషాలు మాట లేదు, వెనక వాయిద్యం లేదు. హాల్లో ఎవరూ ఫోను తీయలేదు బావగారూ. నా పక్కన కూర్చున్న ఏంజెల్ అనే అమ్మాయి బయటికి వచ్చాక, "వీళ్ళు మన కోసం ఆగుతారు తాతగారూ, ఇప్పటి సినిమాలు ఆగవు" అంది. రాత్రంతా ఆ మాటే అనుకున్నాను. నన్ను వాళ్ళు రీళ్ళ తాతయ్య అంటారు. రీలు ఎలా ఎక్కించేవాళ్ళో, బొగ్గు పుల్లల వెలుగుతో మిషను ఎలా నడిచేదో అడుగుతారు. మగ్గం గుంట తప్పించుకున్నవాడికి ఈ వయసులో శిష్యులు దొరికారు.

మీరూ అక్కా తప్పక రావాలి. నడుం నొప్పి పుట్టని సీట్లు, ఏసీ. మూడో వరస అక్కకి బాగుంటుంది, మెడ ఎత్తక్కర్లేదు.

ఇక రీలు సంగతి. నావల్లే పాడైందని ఆనాడే చెప్పాను. ఇవాళా అదే చెబుతున్నాను. దానికి మైకు ఎందుకు లెండి.

అక్కను అడిగానని చెప్పండి. నోటితోనే చెప్పండి, ఆవిడ మీద ఒట్టు లేదు కదా.

మీ బావమరిది
తిరుపతిరావు

*

చల్లపల్లి,
జూన్ 15.

తిరుపతిరావుకి,

నీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, అడిగింది తప్ప. ఏసీ ఉందట, ఎవడికి కావాలి?

ఆ పిల్లెవరో చెప్పిన మాట మాత్రం నిజం. మీ అక్కకి చదివి వినిపించాను. ఇప్పటి సినిమాలో ఎవడేం మాట్లాడుతున్నాడో నాకు తెలియదు. పాత సినిమాలో దుర్మార్గుడు కూడా తిడితే ముక్క ముక్క వినపడేలా తిట్టేవాడు. పోయిన వారం నాగవేణి తమ్ముడు నాకు ఫోనులో ఒక పాత సినిమా పెట్టి, త్వరగా అయిపోతుందని ఏదో నొక్కాడు. పాట పరిగెత్తింది, పాడేవాడు పరిగెత్తాడు, చచ్చిపోయే ముసలాయన కూడా పరిగెత్తుతూ చచ్చిపోయాడు. ఫోను లాక్కున్నాను.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఆ లేని రీలును మీ అక్క యాభై ఏళ్ళుగా ఆడిస్తోంది. పిల్లలు చిన్నప్పుడు కండెలు చుడుతూ కథ చెప్పేది. ఒక రోజు నావ కుర్రాడు కొట్టు పైకప్పు పెంకులు తీసి దిగేవాడు. ఒక రోజు వంటమనిషి మారుతాళం తెచ్చేది. ధాన్యం కొలవడానికి వచ్చిన కూలీలు గోతాంలో దాచి మోసుకుపోయారని ఒకసారి చెప్పింది. అది మావాడికి నచ్చి వారం రోజులు గోతాంలో దూరి తిరిగాడు. మగ్గం నేస్తూ నేనూ వినేవాణ్ణి. ఇలా జరగదే అనేవాణ్ణి. అయితే మీరే చెప్పండి అనేది. నేను చెప్పేది ఒకటే, మేనత్తకి బుద్ధొచ్చి తనే తీసింది. "తాళంచెవి బావిలో పడేసిందిగా" అనేది. అక్కడ ఆగిపోయేవాణ్ణి.

ఇంత జరిగింది నీ రీలు వల్ల. అందుకని "నావల్లే" అంటే చాలదు. ఎలాగో చెప్పు. కాల్చావా? కోశావా? మిషను పక్కన నిద్రపోయావా?

నువ్వు చెప్పకపోతే చెప్పేవాడు ఉన్నాడు. రీళ్ళు మోసిన సంజీవరావు ఇబ్రహీంపట్నంలో కొడుకు దగ్గర ఉన్నాడని తెలిసింది. కొడుక్కి కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. మోసినవాడికి తెలియకుండా రీలు పాడవదు. వాణ్ణి సాక్ష్యం తెచ్చి నీ పక్కన నిలబెడతాను.

జూన్ ముప్పై లోపు నిజం రాయి, లేకపోతే బస్సెక్కుతాను.

వీరభద్రయ్య

*

ఆటోనగర్,
జూన్ 24.

బావగారికి నమస్కారాలు.

దయచేసి ఇబ్రహీంపట్నం వెళ్ళకండి. ఎండలు ఇంకా తగ్గలేదు. చల్లపల్లి నుంచి బెజవాడ ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు, డెబ్బై నాలుగేళ్ళ మనిషికి ఎందుకు ఈ తిరుగుడు? సంజీవరావు పెద్దవాడైపోయాడు. నిన్న తిన్నది ఇవాళ గుర్తుండదు. మిమ్మల్ని చూసి ఎవరో అనుకుంటాడు.

మీరు అడిగినట్టే చేస్తాను. ఆగస్టు 18న మైకు పట్టుకుని అందరి ముందూ చెబుతాను. ఎక్కించేటప్పుడు చూసుకోలేదు, రీలు తెగి కాలిపోయింది, తప్పు నాదే. ఇంతకంటే ఏం కావాలి? అక్క మూడో వరసలో కూర్చుని వింటుంది, మీరు పక్కన. గోపీనాథ్‌కి ఇవాళే చెప్పాను, రెండు నిమిషాలు ఇస్తానన్నాడు.

ఇక ఈ సంగతి వదిలేయండి. బస్సు ఎక్కకండి.

తిరుపతిరావు

*

చల్లపల్లి,
జూలై 20.

తిరుపతిరావుకి,

యాభై ఏళ్ళు మాట దాచినవాడివి, ఎండ చూసి ఒప్పేసుకున్నావు. ఆ ఉత్తరం చదవగానే అనుమానం వచ్చింది. నువ్వు తప్పు ఒప్పుకోవడం కాదు, నన్ను బస్సెక్కకుండా ఆపడం నీకు కావాలి. మర్నాడే బస్సెక్కాను.

సంజీవరావుకి నిన్న తిన్నది కూడా గుర్తుంది. నన్ను గుమ్మంలో చూసి, "వీరభద్రయ్యా, జుట్టంతా ఏం చేశావయ్యా" అన్నాడు. కోడలు కుర్చీ వేసింది, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను సూటిగా అడిగాను. మా బావమరిది ఆ రోజు రీలు కాల్చాడని ఒప్పుకున్నాడు, ఆగస్టులో వచ్చి సాక్ష్యం చెబుతావా అని.

వాడు కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

"కాల్చడమేమిటి? రీలు కాలవలో పడింది."

ఎలా పడిందని అడిగాను.

"మొదటి పది రీళ్ళూ ఆట మొదలవక ముందే చేరవేశాను. ఆఖరి రెండూ తెస్తుంటే వంతెన మీద నూలు బండి అడ్డంగా ఉంది. ఎడ్లు లేవు, మనిషి లేడు. సైకిలు పోయే సందు లేదు. అరిచాను, ఎవరూ పలకలేదు. ఒక్కణ్ణే బండిని ఈడ్చాను, కదిలీ కదలలేదు. అక్కడ మిషను ఆగిపోయి ఉంటుందని తొందర. సైకిలు భుజాన వేసుకుని మూటల మీదుగా ఎక్కాను. కట్టు ఊడి పై డబ్బా నీళ్ళలోకి పోయింది. అది పదకొండు. కింది డబ్బా పన్నెండు, అది దక్కింది."

వాడే మళ్ళీ అన్నాడు.

"ఏమయ్యా, ఆ బండి ఎవరిదో నీకు నిజంగా తెలియదా?"

టీ వచ్చింది. తాగకుండా లేచి వచ్చేశాను. తప్పు, ఆ కోడలు ఏమనుకుందో. దారిలో కృష్ణ పక్కగా బస్సు వెళుతుంటే నీళ్ళు చూడలేకపోయాను.

ఇప్పుడు నా సంగతి రాస్తాను, ఎవరికీ చెప్పనిది. ఆ సాయంత్రం చల్లపల్లి నుంచి నూలు తెస్తుంటే వంతెన మీద బండి ఇరుసు సీల ఊడిపోయింది. చక్రం వాలింది. బాగుచెయ్యడానికి గంట పట్టేది. అప్పుడు డేరా హాలు మైకులో దేవుడి పాట మొదలైంది. నీకు తెలియనిదేముంది, ఆ పాటను బట్టే కదా ఊరంతా బయలుదేరేది. అది మొదలైతే పొయ్యిల మీద నీళ్ళు చల్లేవాళ్ళు, అది ఆగితే ఆట మొదలు. పేర్లు పడేటప్పటి నుంచీ చూపిస్తానని మీ అక్కకి మాటిచ్చాను. ఈ వేళప్పుడు వంతెన మీద ఎవడొస్తాడులే అనుకున్నాను. ఎడ్లను విప్పి తోలుకుని ఇంటికి పరిగెత్తాను. మీ అక్కను తీసుకుని హాలుకి పరిగెత్తాను.

సినిమాకి అందాలని బండి వదిలాను. ఆ సినిమా కూడా ఆ వంతెన మీదే రావాలని నాకు తోచలేదు.

ఇది మీ అక్కకి ఇంకా చెప్పలేదు. సంజీవరావు ఊళ్ళో లేడని అబద్ధం చెప్పాను. ఒకటే అడుగుతున్నాను. బండి నాదని నీకు ఆ రోజే తెలుసా? తెలిస్తే అంతమంది ముందు నేను నిన్ను ఆ మాటలు అంటుంటే నోరు ఎందుకు విప్పలేదు?

జూలై ఆఖరు లోపు రాయి. ఈసారి కాలిందని రాయకు.

వీరభద్రయ్య

*

ఆటోనగర్,
జూలై 28.

బావగారికి,

తెలుసు. సంజీవరావు తడిసిన చేతులతో మిషను గదిలోకి వచ్చి చెప్పిన మొదటి మాటే "మీ బావ బండి" అని.

పన్నెండో రీలు వేసేసరికి బయట బెంచీలు విరుగుతున్నాయి. ఎవరి బండో తెలిస్తే ఆ జనం మిమ్మల్ని ఏం చేసేవాళ్ళో మీకు తెలుసు. హాలు యజమాని పంచాయితీ పెట్టించేవాడు. అక్క కాపరానికి వచ్చి నాలుగు నెలలు. ఊళ్ళో ఆవిడ ఇంకా "కొత్తకోడలు", మీ అమ్మగారి సంగతి మనిద్దరికీ తెలుసు, బండి వదిలి సినిమాకి పరిగెత్తింది పెళ్ళాం కోసమేనని తేలితే ఎవరి మీద పడేది? సంజీవరావు చేత ఒట్టేయించుకుని బయటికొచ్చి ఆ ఒక్క ముక్క చెప్పాను. మర్నాడు ఉద్యోగం పోయింది. పోతే ఇంకో ఉద్యోగం దొరుకుతుంది, ఇంకో బావ ఎక్కడ దొరుకుతాడు? ఆటోనగర్ వచ్చాను. బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో ముప్పై ఏళ్ళు చేశాను, ఇల్లు కట్టుకున్నాను. నష్టమేం లేదు. మగ్గం గుంట ఎలాగూ తప్పింది.

నోరు విప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మిషను గది కంతలోంచి హాలుకి వచ్చేవాళ్ళను చూడటం నా అలవాటు. ఆ సాయంత్రం దేవుడి పాట ఆఖరి చరణంలో మీరిద్దరూ వచ్చారు. మీ పంచె మోకాళ్ళ పైన, ఒళ్ళంతా దుమ్ము, ఒక చెప్పు లేదు. అక్క నవ్వుతోంది. పుట్టింట్లో అలా నవ్వగా నేను చూడలేదు. సరే, మా అక్క మంచి చోటే పడింది అనుకున్నాను. ఆ నవ్వు చూసినవాణ్ణి రెండు మూడు గంటల తరవాత "వీడి బండే" అని ఎలా చూపించను?

మీరు మాట్లాడటం మానేస్తారనుకోలేదు. ఓ నెల అనుకున్నాను.

అక్కకి చెప్పకండి. ఇన్నేళ్ళ తరవాత ఎందుకు?

ఇంకో మాట. సంఘానికి వచ్చిన కాపీలో పదకొండు ఉంది. సరిచూసేటప్పుడు గోపీనాథ్ నన్ను పిలిచాడు, చూశాను. ఆ తాళం ఎవరు తీశారో ఇప్పుడు నాకు తెలుసు. చెప్పకుండా ఉండలేక అన్నం సహించడం లేదు. రాయమంటే రాస్తాను.

ఆదివారం నేను మిషను గదిలో ఉంటాను. ఇప్పుడు రీళ్ళేమీ లేవు, మీట నొక్కితే బొమ్మ వస్తుంది, అయినా అలవాటు. పైనుంచి మీ ఇద్దర్నీ చూస్తాను. నాకదే సుఖం. మైకులో ఏం చెప్పాలో మీరే నిర్ణయించండి, కాలిందనే చెబుతాను.

తిరుపతిరావు

*

చల్లపల్లి,
ఆగస్టు 8.

తిరుపతీ,

మీ అక్కకి చెప్పేశాను. నువ్వు వద్దంటే ఆగడానికి నేనేం నీ దగ్గర పనిచేస్తున్నానా?

పొద్దున కాఫీ తాగుతుంటే మొదలుపెట్టాను. ఇరుసు సీల దగ్గర నుంచి చెప్పాను. బండి దాకా వచ్చేసరికి నవ్వడం మొదలుపెట్టింది. నీళ్ళు తాగి నవ్వింది, గోడ పట్టుకుని నవ్వింది, నాగవేణి పరిగెత్తుకొచ్చి నాయనమ్మకి ఏమైందని అడిగింది. "ఆ ఒక్క చెప్పు ఎక్కడ పోయిందో ఇప్పుడు తెలిసింది" అని ఆ పిల్లతో అంది. తరవాత నీ ఉత్తరం చదవమంది. చదివాను. కంతలోంచి చూశావన్న చోట ఆగమంది. మళ్ళీ చదవమంది. లేచి లోపలికి వెళ్ళి సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఒక పూటకే నాకు పిచ్చెక్కినట్టయింది. నువ్వు యాభై ఒక్క ఏళ్ళు ఎలా ఉన్నావు?

దీపం పెట్టాక వచ్చి ఒకటే చెప్పింది. "నా తమ్ముడు మేడ మీద గదిలో కాదు, నా పక్కన కూర్చోవాలి. మీరు ఇటు, వాడు అటు. మీరిద్దరూ నా మీదుగా మాట్లాడుకోవాలి. లేకపోతే నేను రాను. ఆ తాళం అలాగే ఉండనీ."

రానంటే రాదు, నీకు తెలుసు. చీర తీసి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. నీ జవాబు వచ్చేదాకా తీయదట. కాబట్టి ఇప్పుడు మీ అక్క సినిమా చూడటం చూడకపోవడం నీ చేతిలో ఉంది.

నేను చేయబోయేది రాస్తున్నాను, అడ్డం చెప్పకు. మైకు నేను పట్టుకుంటాను. చెప్పమని నిన్ను పీడించింది నేను కనక, చెప్పవలసిందీ నేనే. పాలెం డేరా హాల్లో రీలు పోవడానికి కారణం నా బండి, నా బావమరిది నోరు మూసుకుని నన్ను కాపాడాడు అని ఆ ఇంజినీరింగు పిల్లలందరి ముందూ చెబుతాను. నవ్వితే నవ్వుతారు. సంజీవరావుని కూడా రమ్మన్నాను. వాళ్ళ కోడలికి ఒక చీర నేసి పంపాను, ఆ రోజు తాగని టీకి.

మైకు కింద పెట్టి వచ్చి కూర్చుని నీతో ఒక మాట మాట్లాడతాను. ఆ మాట ఏమిటో ఇప్పుడు రాయను. రాస్తే అక్కడ మాట్లాడటానికి ఏం మిగలదు. అందుకే ఫోను చెయ్యకు. చేసినా తీయను. నోరు తెరిస్తే హాల్లోనే తెరుస్తాను.

బండిని ఈసారి ఎక్కడా అడ్డం పెట్టను, బస్సులో వస్తాం.

మూడో వరస మూడు సీట్లు చూడు. మా పక్కన కూర్చుంటావో లేదో ఒక్క ముక్క రాసి బుధవారం ఆగస్టు 14 సాయంత్రం లోపు నాకు అందేలా చెయ్యి. ఇంకేమైనా రాయాలనిపిస్తే రాసుకో. ఆ తాళం ఎవరు తీశారో మాత్రం రాశావంటే మళ్ళీ ఒట్టు పెట్టుకుంటాను.

మీ బావ
వీరభద్రయ్య